మహిళా డైరెక్టర్లను లాభాల పేరుతో పిలవకండి: బోర్డు ఛైర్మన్లకు, నామినేషన్ కమిటీలకు ఒక వాటాదారు బహిరంగ లేఖ

స్టాక్ మార్కెట్‌లో నమోదైన (లిస్టెడ్) కంపెనీల బోర్డు ఛైర్మన్లకు, డైరెక్టర్ల పదవులకు పేర్లు ఎంపిక చేసే నామినేషన్ కమిటీ సభ్యులకు,

గౌరవనీయులారా,

కొన్ని కంపెనీల్లో కొద్దిపాటి షేర్లున్న మామూలు వాటాదారుని నేను. వార్షిక నివేదిక చేతికి రాగానే లాభనష్టాల పట్టిక చూసి పక్కన పెట్టేసేవారే ఎక్కువ. నాకు మాత్రం కార్పొరేట్ పాలన అధ్యాయాన్ని చివరి అనుబంధం దాకా చదివే అలవాటు ఉంది. ఆ అధ్యాయంలో కొన్నేళ్లుగా ఒకే అర్థం వచ్చే వాక్యం కంపెనీ తర్వాత కంపెనీలో కనిపిస్తోంది: మహిళలకు చోటున్న బోర్డు మెరుగైన వ్యాపార ఫలితాలు సాధిస్తుందని మా నమ్మకం. దాని కిందే డైరెక్టర్ల జాబితా ఉంటుంది, అందులో ఎనిమిది తొమ్మిది మంది పురుషులు, ఒక మహిళ ఉంటారు. నమ్మకం అంత గట్టిదైతే ఒక్కరితోనే ఎందుకు ఆగారన్న సందేహం ఎవరికైనా వస్తుంది.

నా అభ్యర్థన సూటిగా చెబుతాను. బోర్డుల్లో మహిళలు ఇప్పుడున్నదానికంటే చాలా ఎక్కువ మంది ఉండాలని నేను కోరుకుంటున్నాను. అయినా, వారిని నియమించడానికి లాభాల పెరుగుదలను కారణంగా చూపే ఆ వాక్యాన్ని మీ నివేదికల నుంచి తీసేయమని అడుగుతున్నాను. దానికి రుజువు బలహీనంగా ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ వాక్యం ఎవరి పక్షాన మాట్లాడుతున్నట్టు కనిపిస్తుందో ఆ మహిళలకే చేటు చేస్తోంది.

ఈ వాదన ఎక్కడ మొదలైందో మీలో చాలామందికి తెలుసు. 2007లో అమెరికాకు చెందిన క్యాటలిస్ట్ సంస్థ ఫార్చ్యూన్ 500 జాబితాలోని అతిపెద్ద అమెరికన్ కంపెనీలను బోర్డుల్లో మహిళల వాటాను బట్టి నాలుగు వర్గాలు చేసి, పై వర్గం కంపెనీల ఈక్విటీపై రాబడి (వాటాదారుల సొమ్ముపై వచ్చే లాభం) అట్టడుగు వర్గం కంటే 53 శాతం ఎక్కువగా ఉందని ప్రకటించింది. 2012లో క్రెడిట్ సూయిస్ బ్యాంకు పరిశోధన విభాగం మరో లెక్క వినిపించింది. వెయ్యి కోట్ల డాలర్లకు మించిన మార్కెట్ విలువ గల కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉన్నవాటి షేర్లు, ఒక్కరూ లేనివాటి కంటే ఆరేళ్లలో 26 శాతం మెరుగ్గా రాణించాయన్నది దాని సారాంశం. 2015 నుంచి వ్యాపార సలహా సంస్థ మెకిన్సీ వరుసగా వెలువరించిన నివేదికలు ప్రధానంగా ఉన్నత యాజమాన్య బృందాల గురించి ఇదే ధోరణిలో చెప్పుకొచ్చాయి. ఈ అంకెలు సదస్సుల్లో, ప్రసంగాల్లో, పత్రికా ప్రకటనల్లో ఎంతగా తిరిగాయంటే, వాటిని ఎవరు, ఏ పద్ధతిలో లెక్కగట్టారని అడిగేవారే కరువయ్యారు.

ఆ లెక్కలు అబద్ధాలని నేననడం లేదు. రెండు సంగతులు ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలిపోదని మాత్రమే అంటున్నాను. పెద్ద కంపెనీలు, లాభాల్లో ఉన్న కంపెనీలు, జనం దృష్టిలో ఎప్పుడూ ఉండే కంపెనీలు మహిళా డైరెక్టర్లను ముందుగా నియమించుకుంటాయి. వాటి బోర్డులు పెద్దవి కాబట్టి కొత్తవారికి చోటు దొరుకుతుంది, పెట్టుబడి సంస్థల ఒత్తిడి వాటి మీదే ఎక్కువ ఉంటుంది, పేరున్న కంపెనీ పిలిస్తే కాదనే అభ్యర్థులూ తక్కువ. అలాంటప్పుడు ముందు వచ్చింది లాభం, ఆ తర్వాత వచ్చింది మహిళా డైరెక్టర్. ఒకే ఏడాది అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరుస కనిపించదు.

ఈ చిక్కు తెలిసిన పరిశోధకులు విడి అధ్యయనాలను నమ్ముకోకుండా అన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. 2015లో కోరిన్ పోస్ట్, క్రిస్ బైరన్ 140 అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగడితే, ఖాతా పుస్తకాల్లో కనిపించే రాబడికీ బోర్డులో మహిళల వాటాకూ మధ్య అతి స్వల్పమైన సానుకూల సంబంధం తేలింది. మార్కెట్‌లో షేరు పనితీరుతో పోల్చినప్పుడు ఆ సంబంధం దాదాపు సున్నా. ఉన్నత యాజమాన్యంలో జాతి వైవిధ్యం గురించి మెకిన్సీ వాడిన పద్ధతిని ఎస్ అండ్ పీ 500 సూచీలోని పెద్ద అమెరికన్ కంపెనీలకు వర్తింపజేసి చూసిన జెరెమయా గ్రీన్, జాన్ హ్యాండ్‌లకు ఆ సంస్థ చెప్పిన ఫలితం దొరకలేదని 2024లో వెల్లడైంది. బోర్డుల్లో మహిళలు పెరిగితే లాభాలు కచ్చితంగా పెరుగుతాయని చెప్పడానికి గానీ, తగ్గుతాయని చెప్పడానికి గానీ ఈ సాక్ష్యం సరిపోదు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది నార్వే అనుభవం. అక్కడ కంపెనీలు తమంతట తాము నిర్ణయించుకోలేదు, చట్టం నిర్ణయించింది. కాబట్టి లాభాల్లో ఉన్నవే మహిళలను పిలిచి ఉంటాయన్న అనుమానానికి అక్కడ తావు తక్కువ. 2002 ఫిబ్రవరిలో అప్పటి వాణిజ్య, పరిశ్రమల మంత్రి అన్స్‌గార్ గాబ్రియెల్సెన్, కన్జర్వేటివ్ పార్టీకి చెందిన నాయకుడు, వ్యాపార రంగంలో పురుషుల పెత్తనం చూసి విసిగిపోయానని ఒక పత్రికతో అన్నారు. 2003 చివర్లో పార్లమెంటు చట్టం చేసింది. పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో స్త్రీలకూ పురుషులకూ, ఎవరికైనా సరే, సుమారు 40 శాతానికి తగ్గకుండా చోటు ఉండాలన్నది నియమం. మొదట స్వచ్ఛందంగా పాటించమని గడువిచ్చారు. తగినన్ని కంపెనీలు కదలకపోవడంతో 2006 నుంచి తప్పనిసరి చేశారు, 2008 జనవరి నాటికి పాటించని కంపెనీని రద్దు చేయించే అధికారం కూడా పెట్టారు. చట్టం వచ్చేనాటికి పది శాతం కూడా లేని మహిళల వాటా 2008కల్లా 40 శాతానికి చేరింది. ఈలోగా కొన్ని కంపెనీలు పబ్లిక్ లిమిటెడ్ హోదానే వదులుకుని చట్టం పరిధిలోంచి తప్పుకున్నాయి.

దీని ప్రభావం మీద పరిశోధకులు పదేళ్లకు పైగా వాదించుకున్నారు. కెన్నెత్ అహెర్న్, ఏమీ డిట్‌మార్ 2012లో రాసినదాని ప్రకారం, ఈ 40 శాతం కోటా వార్త రాగానే మహిళలు లేని కంపెనీల షేర్లు పడిపోయాయి, తర్వాతి ఏళ్లలో కంపెనీల విలువ కూడా తగ్గింది. కొత్త బోర్డుల్లో సగటు వయసు, యాజమాన్య అనుభవం తక్కువగా ఉండటాన్ని వారు దానికి ముడిపెట్టారు. కోటాలను వ్యతిరేకించేవారికి ఆ వ్యాసం చాలాకాలం ఆయుధంగా పనికొచ్చింది. 2022లో ఎస్పెన్ ఎక్బో, క్నుట్ నైగార్డ్, కారిన్ థోర్బర్న్ అదే విషయాన్ని మళ్లీ తవ్వారు. ఆ షేరు పతనం గణాంకాల పరీక్షకు నిలబడదని, కోటా వల్ల కంపెనీల విలువ చెప్పుకోదగినంతగా మారిందనడానికి ఆధారం లేదని వారు తేల్చారు. మధ్యలో 2013లో డేవిడ్ మాట్సా, అమాలియా మిల్లర్ ఇంకో సంగతి బయటపెట్టారు. కోటా పరిధిలోకి వచ్చిన కంపెనీలు ఇతర కంపెనీలతో పోలిస్తే ఉద్యోగులను తక్కువగా తొలగించాయి, దాంతో జీతాల ఖర్చు పెరిగి స్వల్పకాలిక లాభం తగ్గింది.

ఈ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను. పనివారిని తీసేయకుండా ఉంచుకోవడం వల్ల ఒకటి రెండేళ్ల లాభం తగ్గింది అన్నప్పుడు, అది మంచి నిర్ణయమా చెడ్డ నిర్ణయమా? గిరాకీ త్వరలో కోలుకుంటే, నేర్పున్న పనివారిని నిలబెట్టుకున్న కంపెనీయే ముందుకు దూసుకుపోతుంది. గిరాకీ శాశ్వతంగా పడిపోతే, ఆ ఖర్చు వృథా అవుతుంది. ఏది జరుగుతుందో ఆ త్రైమాసికంలో ఎవరికీ తెలియదు. బోర్డు గదిలో జరిగే నిర్ణయాల్లో బరువైనవన్నీ ఇలాంటివే. వాటిని ఆ ఏడాది రాబడితో కొలిచి, ఆ కొలతను డైరెక్టర్ల లింగానికి అంటగట్టడం, మనం కొలవాలనుకున్నదాన్ని వదిలి కొలవడానికి వీలైనదాన్ని పట్టుకోవడమే.

అసలు బోర్డు చేసే పని ఏమిటి? ఏడాదిలో కొన్నిసార్లు సమావేశమై, యాజమాన్యం తెచ్చిన ప్రతిపాదనలను ప్రశ్నించడం, సీఈవోను నియమించడం, అవసరమైతే తప్పించడం, ఖాతాలు నిజాయితీగా ఉన్నాయో లేదో ఆడిటర్లతో కూర్చుని తేల్చుకోవడం, ప్రమోటర్లకు లాభం చేకూర్చే లావాదేవీల్లో చిన్న వాటాదారులకు నష్టం జరగకుండా చూడటం. కంపెనీ లాభాన్ని వడ్డీ రేట్లు, ముడిసరకుల ధరలు, పోటీదారుల ఎత్తుగడలు, గిరాకీ, యాజమాన్యం సమర్థత నిర్ణయిస్తాయి. పది మందిలో ఒకరిద్దరు డైరెక్టర్ల మార్పు ఆ పెద్ద అంకెలో విడిగా కనిపించాలని ఆశించడమే పొరపాటు. బోర్డు చేసే పనిలో తేడా వచ్చిందా అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది.

రెనీ ఆడమ్స్, డేనియల్ ఫెరీరా 2009లో సరిగ్గా ఆ ప్రశ్నే అడిగారు. దాదాపు రెండు వేల అమెరికన్ కంపెనీల సమాచారం పరిశీలిస్తే, సమావేశాలకు మహిళా డైరెక్టర్ల హాజరు పురుషుల కంటే మెరుగ్గా ఉంది. బోర్డులో మహిళలు పెరిగేకొద్దీ పురుషుల హాజరు కూడా మెరుగైంది. (ఈ రెండో సంగతి చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకలా జరిగిందో మీలో కొందరికి బాగా తెలిసే ఉంటుంది.) మహిళలు ఆడిట్ వంటి పర్యవేక్షణ కమిటీల్లో ఎక్కువగా కూర్చున్నారు. షేరు పనితీరు దిగజారినప్పుడు సీఈవోను మార్చడంలో అలాంటి బోర్డులు ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. అదే అధ్యయనంలో మీ వాక్యానికి రుచించని భాగం కూడా ఉంది. సగటున చూస్తే కంపెనీ పనితీరుపై ప్రభావం ప్రతికూలంగా తేలింది. అప్పటికే గట్టి పాలన ఉన్న కంపెనీల్లో మరింత పర్యవేక్షణ చేరి మితిమీరడం దానికి కారణం కావచ్చని వారు వివరించారు. పర్యవేక్షణ బలహీనంగా ఉన్న కంపెనీలకు అదే మార్పు మేలు చేయవచ్చు. కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్న ఈ తేడాను చెప్పకుండా ఏ నివేదిక అయినా ఒకే సగటు అంకె ఇస్తే, అది మీకు ఉపయోగపడదు.

ఇక లాభాల వాదన చేసే చేటు గురించి. ఒకరిని ఫలానా లాభం తెస్తారని చెప్పి గదిలోకి పిలిస్తే, ఆ లాభం రానప్పుడు వారు అక్కడ ఎందుకున్నారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ ప్రశ్న పురుషులకు ఎన్నడూ ఎదురుకాలేదు. ఒకే వయసు వాళ్లు, ఒకే తరహా కాలేజీల్లో చదివిన వాళ్లు, ఒకరినొకరు చాలాకాలంగా ఎరిగినవాళ్లు ఎనిమిది మంది బోర్డులో ఉంటే, ఆ ఎనిమిదో వ్యక్తి వల్ల ఈక్విటీపై రాబడి ఎంత పెరిగిందని ఏ సర్వసభ్య సమావేశంలోనూ ఎవరూ అడగరు. మహిళా డైరెక్టర్ మాత్రం తన కుర్చీని ప్రతి ఏడాదీ అంకెలతో సమర్థించుకోవాలి. పురుషులకు లేని పరీక్షను మహిళలకు పెట్టే వాక్యాన్ని మీరు మహిళలకు మద్దతుగా అచ్చువేస్తున్నారు.

అవసరం కోసం పుట్టిన విధానం అవసరం తీరగానే పోతుందనడానికి అమెరికా ఉదాహరణ కళ్లముందే ఉంది. 2018లో కాలిఫోర్నియా తన పరిధిలోని లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో మహిళలను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2022లో కోర్టు దాన్ని కొట్టేసింది. బోర్డుల్లో వైవిధ్యం గురించి వెల్లడించాలని, లేకపోతే కారణం చెప్పాలని నాస్‌డాక్ స్టాక్ ఎక్స్ఛేంజీ పెట్టిన నియమాన్ని 2024 డిసెంబరులో అక్కడి అప్పీళ్ల కోర్టు రద్దు చేసింది. వైవిధ్యం లేని బోర్డు ఉన్న కంపెనీల తొలి పబ్లిక్ ఇష్యూకు పనిచేయబోమని 2020లో గొప్పగా ప్రకటించిన గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు 2025లో ఆ నియమాన్ని పక్కన పెట్టింది. కోర్టు తీర్పుల న్యాయాన్యాయాలు వేరే చర్చ. కానీ వైవిధ్యం లాభదాయకమని ఏళ్ల తరబడి చెప్పుకున్న చాలా సంస్థలు గాలి మారగానే తెప్ప తగలేశాయి, అదీ ఏరు పూర్తిగా దాటకముందే. లాభం కోసమే అయితే చట్టం పోయినా ఆ విధానం ఉండాలి కదా!

కోటాలతోనే అంతా చక్కబడుతుందని కూడా నేననుకోను. ఒక్క కుర్చీ నియమం ఎలా అమలవుతుందో భారతదేశం చూపించింది. అక్కడ 2013 కంపెనీల చట్టంలోని 149వ సెక్షన్ లిస్టెడ్ కంపెనీలన్నిటికీ, నిర్ణీత పరిమాణం దాటిన ఇతర పబ్లిక్ కంపెనీలకూ కనీసం ఒక మహిళా డైరెక్టర్‌ను తప్పనిసరి చేసింది. గడువు ముంచుకొచ్చేసరికి ఎన్నో కంపెనీల్లో ప్రమోటర్ భార్యో, కూతురో, మరో దగ్గరి బంధువో ఆ కుర్చీలోకి వచ్చారు. ఆ కుటుంబాల్లో వ్యాపారం క్షుణ్ణంగా తెలిసిన మహిళలు లేరని నేననను. వారి ప్రతిభ సరిగ్గా గడువు ముందే బయటపడటం మాత్రం విచిత్రం. ఈ లోపాన్ని గమనించిన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో నిబంధన సవరించి, మార్కెట్ విలువలో తొలి 500 కంపెనీలకు 2019 ఏప్రిల్ నుంచి, తొలి వెయ్యి కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి కనీసం ఒక స్వతంత్ర (ప్రమోటర్లతో సంబంధం లేని) మహిళా డైరెక్టర్ ఉండాలని చెప్పింది. మంచి సవరణే. కానీ చట్టం అడిగే కనీసాన్ని చాలా కంపెనీలు గరిష్ఠంగా మార్చేసుకున్నాయి.

ఒక్కరు ఉండటానికీ ముగ్గురు ఉండటానికీ చాలా తేడా ఉంది. ఒక బృందంలో ఒంటరిగా ఉన్న వ్యక్తిని మిగతావారు వ్యక్తిగా చూడరని, ఆ వర్గం మొత్తానికీ ప్రతినిధిగా చూస్తారని సామాజికవేత్త రోజబెత్ మాస్ క్యాంటర్ 1977లోనే వివరించారు. తర్వాత అలిసన్ కోన్రాడ్, విక్కీ క్రేమర్, సుమ్రు ఎర్కుట్ పెద్ద అమెరికన్ కంపెనీల మహిళా డైరెక్టర్లతో మాట్లాడి 2008లో రాసినదాని ప్రకారం, ఒక్కరే ఉన్నప్పుడు వారి మాట తేలిగ్గా దాటవేతకు గురవుతుంది, ఇద్దరున్నప్పుడు కొంత మెరుగు, ముగ్గురయ్యేసరికి వారు మహిళలన్న సంగతి వెనక్కి వెళ్లి వారు చెప్పే విషయం ముందుకొస్తుంది. ఖాతాల్లో ఒక మొత్తం తేడాగా ఉందని ఒంటరి డైరెక్టర్ అంటే అది ఆమె అతి జాగ్రత్తగా కనిపిస్తుంది. అదే మాటను మరొకరు బలపరిస్తే అది ఎజెండాలోకి ఎక్కుతుంది. ఒక్క మహిళను నియమించి ఫలితం కోసం చూసి, ఫలితం రాలేదని తేల్చే పరీక్షలో లోపం పరీక్ష పెట్టినవారిదే.

అర్హులైన మహిళలు దొరకడం లేదన్నది మీరు తరచుగా చెప్పే జవాబు. బ్రిటన్ ప్రభుత్వం 2018లో, మహిళలను ఎందుకు నియమించలేదో అక్కడి పెద్ద కంపెనీల అధిపతులు ఒక సమీక్షా బృందానికి చెప్పిన కారణాలను పేర్లు లేకుండా బయటపెట్టింది. బోర్డు వాతావరణంలో మహిళలు సౌకర్యంగా ఇమడరని ఒకరు, మంచి మహిళలను అప్పటికే అందరూ ఎగరేసుకుపోయారని ఒకరు, మాకు ఇప్పటికే ఒకరున్నారు కాబట్టి ఇక మిగతా కంపెనీల వంతని ఇంకొకరు చెప్పారు. తగిన అనుభవమున్న మహిళలు అంత మంది లేరన్న మాట కూడా వాటిలో ఉంది. అయినా అదే దేశంలో, చట్టం ఒత్తిడి లేకుండా, లక్ష్యాలు ప్రకటించి ఏటా కంపెనీల వారీగా వివరాలు వెల్లడించడంతోనే ఎఫ్‌టీఎస్‌ఈ 100 సూచీలోని పెద్ద లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో 2011లో 12.5 శాతంగా ఉన్న మహిళల వాటా 2023 నాటికి 40 శాతం దాటింది. అప్పటిదాకా లేని మహిళలు పన్నెండేళ్లలో కొత్తగా పుట్టుకురాలేదు. వెతికే చోటు మారింది.

నార్వేలోనూ ఇదే జరిగింది. మారియాన్ బెర్ట్రాండ్, శాండ్రా బ్లాక్, మరో ఇద్దరు పరిశోధకులు 2019లో చూపినట్టు, కోటా తర్వాత బోర్డుల్లోకి వచ్చిన మహిళలు అంతకుముందు ఉన్న మహిళా డైరెక్టర్ల కంటే అర్హతల్లో మెరుగ్గా ఉన్నారు. ప్రతిభ అడుగంటుతుందన్న భయం నిజం కాలేదు. అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని నాలాంటివాళ్లు దాచకూడదు: బోర్డులో మహిళలు పెరిగినంత మాత్రాన ఆ కంపెనీల్లో కింది స్థాయి మహిళల జీతాలు, పదోన్నతులు మెరుగుపడినట్టు ఆధారం దొరకలేదు. పైన నలుగురు మహిళలు కూర్చుంటే కింద దారులు వాటంతట అవే తెరుచుకుంటాయని మీ నివేదికల్లో రాయడం కూడా మానాలి. ఆ పని వేరే, దానికి యాజమాన్యం వేరుగా జవాబుదారీ కావాలి. ఫ్రాన్స్ ఈ రెంటినీ విడిగానే చూసింది. బోర్డుల్లో 40 శాతం కోసం 2011లో ఒక చట్టం చేసి, ఉన్నత యాజమాన్య పదవుల కోసం 2021లో ఇంకో చట్టం తెచ్చింది.

అర్హులైన మహిళలు దొరకకపోవడానికి అసలు కారణం మీరు గీసుకున్న అర్హతల గీతలో ఉంటుంది. గతంలో సీఈవోగా లేదా మేనేజింగ్ డైరెక్టర్‌గా పనిచేసి ఉండాలన్నది చాలా నామినేషన్ కమిటీలు రాయకపోయినా పాటించే నియమం. గత ముప్పై ఏళ్లలో ఆ పదవుల్లోకి మహిళలను రానివ్వకుండా, ఇప్పుడు ఆ పదవుల్లో పనిచేసినవారే కావాలంటే, పాత అన్యాయం కొత్త అర్హతగా మారుతుంది. ఆడిట్ కమిటీకి కావలసింది ఖాతాల్లో మోసాన్ని పసిగట్టగల మనిషి. రిస్క్ కమిటీకి కావలసింది అప్పుల తీరు, సైబర్ భద్రత, సరఫరా గొలుసులు తెలిసిన మనిషి. ఇవి తెలిసినవారిలో సీఈవో కానివారే ఎక్కువ. పెద్ద పేర్లు పోగేస్తే ఏమవుతుందో, కుప్పకూలిన అమెరికా రక్తపరీక్షల కంపెనీ థెరానోస్ చూపించింది. దాని స్థాపకురాలు మహిళే. బోర్డు నిండా అమెరికా మాజీ విదేశాంగ మంత్రులు, మాజీ సెనేటర్లు, సైన్యాధిపతులు ఉన్నారు. రక్తపరీక్షల యంత్రం నిజంగా పనిచేస్తోందా అని నిలదీయగల ప్రయోగశాల అనుభవం మాత్రం ఆ బల్ల చుట్టూ దాదాపు లేదు. ఆ కంపెనీ కూలడానికి అధిపతి స్త్రీ కావడం కారణం కాదు, బోర్డులో మిగతావారంతా పురుషులు కావడం ఒక్కటే కూడా కారణం కాదు. బోర్డును పని కోసం ఎంచుకోకపోవడం కారణం.

అలాగైతే మహిళలనే ప్రత్యేకంగా ఎందుకు వెతకాలి, పని తెలిసినవారిని వెతికితే చాలదా అని మీరు అడగవచ్చు. నిజంగా వెతికితే చాలు. కానీ మీ కమిటీలు చేసేది చాలాసార్లు వెతకడం కాదు, గుర్తుకు తెచ్చుకోవడం. ఖాళీ రాగానే ఛైర్మన్‌కు తెలిసిన నాలుగు పేర్లు బల్ల మీదికి వస్తాయి, ఆ నలుగురికీ తెలిసిన మరో ఇద్దరు చేరతారు, అక్కడితో జాబితా ముగుస్తుంది. ఎంపికకు సంబంధించిన సాకులను మూయడానికి యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన ఆదేశంలో ఒక మంచి ఏర్పాటుంది. 2012లో ప్రతిపాదన పెట్టి పదేళ్లు నానబెట్టాక వచ్చిన ఆ ఆదేశం, పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో తక్కువగా ఉన్న లింగానికి చెందినవారు నాన్-ఎగ్జిక్యూటివ్ (రోజువారీ యాజమాన్యంలో లేని) డైరెక్టర్లలో 40 శాతం గానీ, మొత్తం డైరెక్టర్లలో 33 శాతం గానీ ఉండేలా 2026 జూన్ 30 గడువు పెట్టింది. పత్రికలు ఈ అంకెలనే రాశాయి. నాకు నచ్చింది అందులోని మరో నియమం: ఎంపిక కాని అభ్యర్థి అడిగితే, ఏ ప్రమాణాలతో ఎంచారో, ఆ ప్రమాణాల ప్రకారం అభ్యర్థులను ఎలా పోల్చారో కంపెనీ చెప్పాలి. ఆ ఒక్క నియమం వల్ల కమిటీ పేర్లు చూడకముందే ప్రమాణాలు రాసుకోవాల్సి వస్తుంది.

చట్టం అడగకపోయినా మీరు ఇవి చేయవచ్చు. డైరెక్టర్ల పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో మీకు ఏళ్ల ముందే తెలుసు, కాబట్టి ఖాళీలు లేవన్న మాట వదిలేసి, రాబోయే మూడేళ్ల ఖాళీలనూ వాటికి కావలసిన నైపుణ్యాలనూ ముందుగానే ప్రకటించండి. నియామక తీర్మానం వాటాదారుల ముందుకు తెచ్చినప్పుడు, ఎంతమందిని పరిశీలించారు, వారిలో మహిళలు ఎందరు, బయటి సంస్థ ద్వారా వెతికారా లేక పరిచయాల ద్వారా వచ్చారా అన్నది రెండు పంక్తుల్లో రాయండి. పేర్లు అక్కర్లేదు. మహిళా డైరెక్టర్లను సామాజిక బాధ్యత కమిటీకి పరిమితం చేసే అలవాటు మీ కంపెనీలో ఉందో లేదో చూసుకోండి. ఆడిట్, రిస్క్, నామినేషన్ కమిటీలకు అధ్యక్షత వహించేది ఎవరో చూస్తే బోర్డులో నిజమైన బరువు ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. మహిళలను ఒక్కొక్కరిగా, ఏళ్ల తేడాతో తెచ్చే బదులు, వీలైతే ఒకేసారి ఇద్దరిని తీసుకోండి.

బోర్డు పనితీరును ఏటా అంచనా వేసే పద్ధతి మీకు ఎలాగూ ఉంది. అందులో పురుషులకూ మహిళలకూ ఒకే కొలత పెట్టండి: హాజరు, పత్రాలు చదివి వచ్చారా లేదా, యాజమాన్యం తెచ్చిన ప్రతిపాదనల్లో ఎన్నింటిని మార్చమని తిప్పి పంపారు, పనితీరు పడిపోయినప్పుడు సీఈవో గురించి చర్చ ఎంత ఆలస్యంగా మొదలైంది, సంబంధిత పార్టీల (ప్రమోటర్లు, వారి దగ్గరివారు, వారి సంస్థల) లావాదేవీలను ఎంత లోతుగా పరిశీలించారు. ఈ అంచనా సారాంశాన్ని ఇప్పుడున్నట్టు సంతృప్తికరం అన్న ఒక్క మాటతో ముగించకండి.

లాభాల మాట ఎత్తకపోతే పెట్టుబడిదారులు వినరని మీకు అనిపించవచ్చు. నా సంగతి చెబుతాను. నా డబ్బు మీ చేతిలో పెట్టింది లాభం కోసమే. అయితే డైరెక్టర్లను నేను అడిగేది వేరు: ఆ డబ్బును యాజమాన్యం ఎలా వాడుతోందో మొహమాటం లేకుండా అడిగే మనుషులు ఆ గదిలో ఉండాలి. అలాంటివారిని జనాభాలో సగం మందిని వదిలేసి వెతికారని తెలిస్తే, వెతుకులాటే సరిగా జరగలేదని నాకు అర్థమవుతుంది. సగాన్ని ఎందుకు వదిలేశారో చెప్పాల్సిన బాధ్యత మీది. లోపలికి వస్తే ఏం తెస్తారో రుజువు చేయాల్సిన బాధ్యత వారిది కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశాల నోటీసులు రాగానే, నామినేషన్ కమిటీ అధ్యక్షుల పునర్నియామక తీర్మానాలను ముందుగా చూస్తాను. పరిశీలించిన అభ్యర్థుల వివరం, ముందే రాసుకున్న ప్రమాణాలు, కమిటీల అధ్యక్షుల జాబితా, ఈ మూడూ ఆ నోటీసులో లేదా వార్షిక నివేదికలో కనిపించని చోట వ్యతిరేకంగా ఓటు వేస్తాను. నా షేర్లు ఏ తీర్మానాన్నీ ఓడించలేవని నాకు తెలుసు. అందుకే ఈ లేఖ ప్రతిని మీ కంపెనీల్లో పెద్ద వాటాలున్న మ్యూచువల్ ఫండ్లకు, పెన్షన్ ఫండ్లకు, బీమా సంస్థలకు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక వాటాదారు